కొట్టేవాడు ముందు వంగాలి

మా నాటక సమాజంలో ఉత్తుత్తి దెబ్బ ఉండేది కాదు. ఒకడు చెయ్యి విసరడం, తెర పక్కన ఇంకొకడు చప్పట్లు చరచడం, పడ్డవాడు "అబ్బా" అని మూలగడం వేరే ఊళ్ళలో చెల్లుతాయేమో, నర్సీపట్నంలో చెల్లవు. మా ఆటలు సంత రోజు మధ్యాహ్నం పూట. ఏజెన్సీ జనం చింతపండు, చీపుళ్ళు, అడ్డాకులు అమ్ముకోవడానికి కిందికి దిగుతారు. సరుకు అమ్ముడయ్యాక ఆట చూసి, పొద్దు ఉండగానే జీపులెక్కి కొండకు పోతారు. వాళ్ళు స్టేజీకి చేతికందే దూరంలో నేలమీద కూర్చునేవారు, వాళ్ళ వెనక బెంచీల మీద ఊరివాళ్ళు. దెబ్బ అంటే ఏమిటో తెలిసిన మనుషులు. అబద్ధపు దెబ్బ పడితే నవ్వేవారు. రెండోసారీ అబద్ధమే అయితే చెప్పు విసిరేవారు.

అందుకని మా గురువుగారు ఒక నియమం పెట్టారు. దెబ్బ నిజంగానే కొట్టాలి. కానీ తెర లేవకముందు, లోపల, జనం చూడని చోట, కొట్టేవాడు దెబ్బ తినేవాళ్ళ కాళ్ళకు వంగి దణ్ణం పెట్టాలి. వయసులో పెద్దా, కులంలో పెద్దా, రాజు వేషమా, బంటు వేషమా అన్నది లేదు. తినేవాళ్ళు అతని తల మీద చెయ్యి పెడితే ఒప్పుకున్నట్టు. పెట్టకపోతే ఆ రోజు దెబ్బ లేదు. కొరడా పక్కన పడేసి పద్యంతో సరిపెట్టుకోవాలి.

ఇంకొకటి. పద్యం బాగుంటే జనం "వన్స్ మోర్" అని అరవడం, నటుడు మళ్ళీ పాడడం అన్నిచోట్లా ఉంది. మా దగ్గర దెబ్బకు కూడా వన్స్ మోర్ అరిచేవారు. అప్పుడు కొట్టేవాడు ఆగి, తినేవాళ్ళ మొహం చూడాలి. తల కిందికి దించితే ఇంకొకటి. అడ్డంగా ఊపితే లేదు. జనం ఎంత గోల పెట్టినా లేదు.

నేను తినేదాన్ని. రాణి వేషం నాది.

మేము ఆడిన చోట ఇప్పుడు కళాకేంద్రం అని బోర్డుంది. నున్నటి గచ్చు, ప్లాస్టిక్ కుర్చీలు, ఆదివారాలు ఆడపిల్లలకు డాన్సు క్లాసులు. తొంభైల్లో అది బెల్లం గోదాం. బలిఘట్టం పోయే దారిలో, ఇళ్ళు అయిపోయి చెరుకు తోటలు మొదలయ్యే చోట. ఏళ్ళ తరబడి బెల్లం కారి కారి నేల పీల్చుకుంది. ఎంత కడిగినా ఎర్రచీమలు పోలేదు. చచ్చిన వేషం వేసినవాడు చీమలు పీకుతున్నా కదలకుండా పడి ఉండాలి. ఒక సేనాపతి చచ్చాక తొడ గోక్కుంటే జనం చెరుకు పిప్పితో కొట్టారు. గురువుగారు బస్సు కాంప్లెక్సు దగ్గర టైలరు. మిషను తొక్కుతూనే పద్యాలు కట్టేవారు, సాయంత్రం హార్మోనియం ముందు కూర్చుని మా చేత పాడించేవారు. రాజు, రాణి, రాజుగారి తమ్ముడి కథ ఆయన కట్టిందే. తమ్ముణ్ణి ఎక్కడ దాచావో చెప్పమని రాజు నిండు సభలో రాణిని కొరడాతో కొడతాడు. రాణి చెప్పదు. జనం ఆ సీను కోసమే వచ్చేవారు.

నాది సముద్రపు ఒడ్డు. పాయకరావుపేట అవతల పల్లె. మావాళ్ళు చేపల వేటకు పోయేవాళ్ళు. పెళ్ళయి ఈ ఊరు వచ్చాక సంతలో ఎండుచేపలు అమ్మేదాన్ని. ఒక రోజు బేరం దగ్గర ఒకడితో తగువు పడుతుంటే గురువుగారు వచ్చి నిలబడ్డారు.

"ఏటి సూత్తన్నారు? కొంటే కొనండి, నేకపోతే తప్పుకోండి."

"చేపలు కాదు తల్లీ, నీ గొంతు సూత్తన్నాను. అలగ ఎంతసేపు అరవగలవు?"

"మీరు ఎంతసేపు నిల్సుంటే అంతసేపు."

ఆయన నవ్వారు. ఆ వారమే నన్ను గోదాంకు తీసుకుపోయారు. అప్పటికి నాకు అక్షరం రాదు. ఆయన పాడితే విని పట్టుకునేదాన్ని. చదువు తరవాత, తల నెరిశాక, వయోజనుల బడిలో వచ్చింది.

మా ఆయన లారీ క్లీనరు. ఇంట్లో ఆయన చెయ్యి ఎప్పుడు లేస్తుందో తెలిసేది కాదు. కూర ఉడకలేదని ఒకసారి, మరీ ఉడికిందని ఒకసారి. నేను నాటకంలో చేరాక ఆయనకు కారణం వెతుక్కునే పని తప్పింది. ఒకసారి గరిటెతో కొడితే చెవి తమ్మె చీలిపోయింది. రాణి కమ్మను ఆ చెవికి దారంతో కట్టుకుని ఆడాను. సంతలో పక్క కొట్టు ఆడవాళ్ళు అనేవారు, "ఇంటికాడ తిన్నది సాలదేటే, అక్కడికి కూడా ఎల్లి తింతన్నావు?" వాళ్ళతో వాదించే ఓపిక నాకు లేదు. ఇక్కడ చెబుతాను. కొట్టబోయే ముందు నా ఒప్పుకోలు అడిగిన చోటు నా బతుకులో అదొక్కటే. రాజు వేషం వేసే ఆటో డ్రైవరు కిరీటం తీసి పక్కన పెట్టి, నా కాళ్ళ దగ్గర వంగి, "అప్పా, ఈయాల భుజం మీదా, ఈపు మీదా?" అని అడిగేవాడు. అప్ప అంటే మా వైపు అక్క. నాకు ఒళ్ళు బాగాలేని రోజు చెయ్యి పెట్టేదాన్ని కాదు. "మరేం పర్వానేదు" అని లేచిపోయేవాడు. ఆ స్టేజీ నాకు కావాలి. చప్పట్ల కోసం కాదు, కమ్మల కోసం కాదు, ఆ అడగడం కోసం కావాలి.

మా ఆయన ఒకసారి ఆటకు వచ్చాడు. మొదటి దెబ్బ పడగానే అందరికన్నా ముందు "వన్స్ మోర్" అన్న గొంతు ఆయనదే. నేను తల అడ్డంగా ఊపాను. ఆటో అతను చెయ్యి దించేశాడు. మా ఆయన లేచి నిలబడ్డాడు.

"నా పెళ్ళామేరా అది. నాను సెప్తన్నాను, కొట్టు!"

ముందు వరసలో కొండ నుంచి వచ్చిన ముసలామె ఒకతె చీపురు కట్ట తిరగేసి ఆయన మోకాళ్ళ మీద బలంగా ఒకటి ఇచ్చింది. "కూకో. అడ్డంగా నిల్సున్నావు, ఆట అగపడ్డం నేదు" అంది. జనం ఆ దెబ్బకు కూడా వన్స్ మోర్ అన్నారు. ఆవిడ మొహమాటం లేకుండా ఇంకొకటి ఇచ్చింది. ఇంటికి పోయాక ఆ కసి నా వీపు మీద తీరింది. కొన్నేళ్ళకు ఆయన తాగి తాగి పోయాడు. నేను ఏడవలేదు. ఎందుకు ఏడవలేదని అడిగినవాళ్ళకు చెవి చూపించాను.

తరవాత ఒక గాలివానకు గోదాం పెంకులు లేచిపోయాయి. రోడ్ల కాంట్రాక్టరు ఒకాయన ముందుకొచ్చి కప్పుకు రేకులు వేయించాడు, స్టేజీకి కొత్త చెక్కలు కొట్టించాడు. సమాజానికి ప్రెసిడెంటు అయ్యాడు. ఆటో అతన్ని తమ్ముడి వేషంలోకి దింపి, రాజు వేషం తను తీసుకున్నాడు. ఉన్నమాట చెప్పాలి, ఆయన గొంతు మంచిది. పద్యం ఎత్తుకుంటే రేకులు మోగేవి. మనిషి కూడా రాజులాగే ఉండేవాడు. రిహార్సలు రోజు గురువుగారు నియమం చెప్పారు. కాంట్రాక్టరు నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"ఎవరి కాళ్ళకి? దీని కాళ్ళకా?"

"ఆ కాళ్ళకేనండి. దెబ్బ తినేది ఆవిడే కదా."

"గురువుగారూ, నేను మా అమ్మకి కూడా వంగలేదు. ఈ సేపలదానికి వంగుతానా?"

"మీ అమ్మగారిని కూడా కొట్టేవారేటి బాబూ?" అన్నాను. ఆటో అతను నవ్వు ఆపుకోలేక బయటికి పోయాడు. కాంట్రాక్టరు నవ్వలేదు.

ఆట రోజు వచ్చింది. "వంగుతాడమ్మా, మనిషి సెడ్డోడు కాదు" అని గురువుగారు నాకు చెబుతూనే ఉన్నారు. నేను లోపల ట్రంకు పెట్టె పక్కన నిలబడ్డాను. ఆయన వచ్చాడు, అద్దంలో మీసం చూసుకున్నాడు, నన్ను దాటుకుని పోయాడు. నేను వెనక నుంచి పిలిచాను.

"బాబూ, మీరు వంగనేదు. ఈయాల దెబ్బ నేదు, పద్యమే. గుర్తెట్టుకోండి."

"సర్లే, పద పద" అన్నాడు.

సభ సీను వచ్చింది. పద్యం పాడాడు. జనం ఊగిపోయారు. పాడి కొరడా ఎత్తాడు. పడేస్తాడనుకున్నాను. మా కొరడా కిత్తనారతో పేనింది. పొడిగా ఉంటే చర్మం కందుతుంది, తడిపితే కోస్తుంది. ఆయన దాన్ని తడిపి తెచ్చాడు. మొదటి దెబ్బ మెడ మీద పడింది. నేను పద్యం మరిచిపోయాను. "వన్స్ మోర్" అన్నారు. నేను తల అడ్డంగా ఊపాను, గట్టిగా, వెనక వరసకు కూడా కనపడేలాగ. ఆయన చూశాడు. చూసి కొట్టాడు. మూడో దెబ్బకు రవిక వీపున చిరిగింది. మా ఆయన చేతి కింద ఎన్నోసార్లు పడ్డాను. అది చెప్పకుండా వచ్చే దెబ్బ. ఇది నేను వద్దన్నాక వచ్చిన దెబ్బ. ఈ రెండిట్లో ఏది ఎక్కువ నొప్పి అని అడిగితే రెండోదే అంటాను.

నాలుగోసారి కొరడా వచ్చేటప్పుడు ముంజేతి మీద చుట్టుకోనిచ్చి లాగాను. వలలు లాగినవాళ్ళ ఇంట్లో పుట్టినదాన్ని. ఆయన ముందుకు తూలి మోకాళ్ళ మీద పడ్డాడు. కిరీటం దొర్లిపోయి జనంలో పడింది. కొరడా పిడి తిప్పి పట్టుకుని మొహం మీద కొట్టాను. చెంప పగిలి రక్తం గడ్డం రంగులో కలిసిపోయింది.  ముందు వరస ఆడవాళ్ళు లేచారు.

"వన్స్ మోర్! కొట్టప్పా, బేగి కొట్టు, మా జీపు ఎల్లిపోతాది!"

కొట్టాను. ఆయన చేతులు అడ్డం పెట్టుకుంటే చేతుల మీద కొట్టాను. గురువుగారు హార్మోనియం వదిలి వచ్చి నా నడుం పట్టుకుని లోపలికి లాక్కుపోయారు.

"నువ్వు కూడా వంగకుండానే కొట్టీసావు కదే!" అన్నారు.

"వంగడం నాటకానికండి. అది నాటకం కాదు, కొట్లాట" అన్నాను. ఇప్పటికీ అదే అంటాను.

ఆ వారంలోనే ఒక పొద్దున కాంట్రాక్టరు మనుషులు గునపాలతో వచ్చి గోదాం ఎక్కారు. రేకులు మావి, పట్టుకుపోతాం అన్నారు. మేము చెరుకు గడలతో, తెర కట్టే వెదుళ్ళతో అడ్డం పోయాం. కొరడా దెబ్బలు పచ్చిగానే ఉన్నాయి నాకు. నిచ్చెన మీద ఉన్నవాణ్ణి కాలు పట్టి లాగితే పళ్ళు రాలేలాగ పడ్డాడు. వాడి పక్కవాడు నా నెత్తి మీద రేకు ముక్కతో కొట్టాడు. కళ్ళలోకి రక్తం కారి కాసేపు ఎవరిని కొడుతున్నానో నాకే తెలియలేదు. గురువుగారు హార్మోనియాన్ని కావలించుకుని కూర్చున్నారు. వదలమన్నారు. వదల్లేదు. గునపంతో కొడితే కుడి చెయ్యి మోచేతి దగ్గర విరిగింది. చెయ్యి తప్పుకున్నాక హార్మోనియం కూడా పగలగొట్టారు. మెట్లు ఊడి చీమల్లో పడ్డాయి. రేకులు ట్రాక్టరు మీద వేసుకుని పోయారు.

స్టేషనులో రెండు పక్షాల వాళ్ళనూ కూర్చోబెట్టి రాజీ పడమన్నారు. కాంట్రాక్టరు రాజీ మాట పంపించాడు. రేకులు తిరిగి వేయిస్తాను, కొత్త హార్మోనియం కొనిస్తాను. ఆవిడ మాత్రం జనం ముందు నా కాళ్ళు పట్టుకోవాలి, అని.

గురువుగారు చేతికి కట్టుతో మా ఇంటికి వచ్చారు. గుమ్మంలోనే నిలబడ్డారు.

"తల్లీ, వానలు వచ్చేత్తన్నాయి. సెక్కలు ఉబ్బిపోతాయి. ఒక్కసారి వంగితే సమాజం నిలుత్తాది."

"నాను ఎవర్ని కొట్టాలని వంగాలండి?"

ఆయన చేతి కట్టు సర్దుకున్నారు.

"నియమం మీరే పెట్టారు కదండి. కొట్టేవోడు వంగాలన్నారు. తిన్నది వంగాలని సెప్పనేదే?"

"నియమం ఉంటే ఏటమ్మా, కప్పు నేదు కదా" అన్నారు. నా వైపు చూడకుండా అన్నారు. విరిగిన చేతిని చూస్తే నాకు కోపం రాలేదు. ఆయన వెళ్ళిపోయాక వచ్చింది. వచ్చి చాలాకాలం పోలేదు.

నేను వంగలేదు. వానలు పడ్డాయి. చివరికి వాళ్ళలో వాళ్ళు ఒక దారి చూసుకున్నారు. కాళ్ళు పట్టుకోవడం వద్దు, నేను కూడా వద్దు. రేకులు తిరిగొచ్చాయి. కొత్త హార్మోనియం వచ్చింది, గురువుగారి చెయ్యి అతికేదాకా వాయించడానికి ఒక కుర్రాడూ వచ్చాడు. ఆయనే మళ్ళీ రాజు. రాణికి తుని నుంచి ఒక స్టేజీ ఆర్టిస్టును మాట్లాడారు. ఆటో అతను వచ్చి చెప్పాడు, చెప్పలేక చెప్పలేక. ఇక ఆ స్టేజీ ఎక్కడానికి నాకు లేదు. ఎండుచేపల గంప ముందు కూర్చుని రాణి పద్యాలు నోట్లోనే అనుకునేదాన్ని. తోచక కాదు, మరిచిపోతానని భయం.

ఆట రోజు సంత మధ్యలో గంప పక్క ఆవిడకు అప్పజెప్పి గోదాంకు పోయాను. వెనక తలుపు దగ్గర కాపలా ఉన్నది మా సమాజం వాళ్ళే. నన్ను చూసి పక్కకు తిరిగారు. లోపల ఆ తుని ఆవిడ మొహానికి రంగు వేసుకుంటోంది. నాకన్నా చిన్నది. గుండ్రటి మొహం, పెద్ద నోరు.

"ఎవరప్పా? సీర ఇస్త్రీకా?"

"కాదు. ఈ వేషం నాను కట్టేదాన్ని."

ఆమె చేతిలో బ్రష్షు ఆగింది. "ఓలమ్మ, మొహం పగలగొట్టింది నువ్వేనా? మా తుని దాకా సెప్పుకున్నారు."

మెడ మీది మచ్చ చూపించాను. ఇక్కడ దెబ్బ నిజమని, అయినా నీ ఒప్పుకోలు లేకుండా పడకూడదని, ఏం చేస్తే ఒప్పుకున్నట్టో, ఏం చేస్తే కాదో అంతా చెప్పాను. ఆమె బ్రష్షు కింద పెట్టింది.

"నాకివన్నీ సెప్పనేదు. ఉత్తుత్తి దెబ్బే అన్నారు."

"మరి?"

"మరేటి. ఇక్కడే కూకుంటాను." ట్రంకు పెట్టె మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది.

నేను ముందుకు పోయి నేలమీద జనంలో కూర్చున్నాను. హార్మోనియం మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ మొదలెట్టారు, మళ్ళీ ఆగింది. తెర వెనక కాంట్రాక్టరు గొంతు లేచింది, ఆమె గొంతు అంతకన్నా లేచింది. "వంగితే వత్తాను. నేకపోతే మీరే సీర కట్టుకుని ఆడండి!" జనం ఈలలు వేశారు. రేకుల కింద ఎండ మండిపోతోంది. వెనక బెంచీల వాళ్ళు రాళ్ళు తీసి రేకుల మీదికి విసరడం మొదలెట్టారు. ఒక సోడా సీసా వచ్చి స్టేజీ మీద పగిలింది. ఇంకొకటి తెరకు తగిలింది. "ఆడతారా, తగలెట్టీమంటారా?" అన్నాడొకడు. నిజంగానే తెర అంచుకు అగ్గిపుల్ల గీశాడు. పక్కవాడు చెంప మీద కొట్టి లాక్కున్నాడు.

అప్పుడు తెర కింద ఉన్న సందులోంచి మాకు కనపడింది. కింద కూర్చున్నవాళ్ళకు మాత్రమే కనపడింది. రెండు కాళ్ళు, మట్టెలతో. వాటి ముందు ఉంగరాలున్న చెయ్యి ఒకటి దిగి, వేళ్ళు ఆనించి, కాలినట్టు వెనక్కి పోయింది.

"సరిగ్గా ముట్టుకోండి బాబూ, కరవను" అంది ఆమె గొంతు.

చెయ్యి మళ్ళీ దిగింది. ఈసారి కాసేపు ఉంది.

ఆట నడిచింది. సభ సీనులో ఆయన పద్యం మునుపటికన్నా బాగా పాడాడు. కోపం గొంతులోకి దిగింది కాబోలు. చెంప మీద నేను పెట్టిన గీత రంగు కింద కూడా కనపడుతూనే ఉంది. కొరడా పడింది. ఆమె కేక పెట్టింది, అది పద్యంలోని కేక కాదు. "వన్స్ మోర్!" గోదాం దద్దరిల్లింది. ఆమె తల అడ్డంగా ఊపింది.

కొరడా అప్పటికే పైకి లేచి ఉంది.  జనం కాళ్ళతో నేల తన్నుతున్నారు.  ఆయన ఆమెను చూశాడు. తరవాత మమ్మల్ని చూశాడు. కొరడా లోపలికి గిరవాటేసి పద్యం ఎత్తుకున్నాడు.

వెనక బెంచీల వాళ్ళు ఒప్పుకోలేదు. ఆట చెడింది, వన్స్ మోర్ ఇవ్వలేదు అని బెంచీలు ఎత్తి నేలకు కొట్టారు. ముందు వరస ఆడవాళ్ళు లేచి వాళ్ళమీదికి తిరిగారు.

"వద్దంది కదరా! సెవులు పోయాయా?"

ఇక చేతికి దొరికింది ఆయుధం. కావిడి బద్దలు, చీపురు కట్టలు, బెంచీ కాళ్ళు. సంత సంచులు చిరిగి చింతపండు కాళ్ళకింద నలిగింది. ఒకడు బెంచీ ముక్క విసిరితే నా దవడకు తగిలి రెండు పళ్ళు కదిలిపోయాయి. నేను ఊరుకోలేదు. వాడి చొక్కా పట్టుకుని బెల్లం గోడకేసి నాకు తృప్తి కలిగేదాకా కొట్టాను. స్టేజీ మీద కాంట్రాక్టరు పద్యం పూర్తిచేశాడని తరవాత ఆటో అతను చెప్పాడు. ఎవరూ వినలేదట.

ఆస్పత్రిలో కుట్లు వేసే గది బయట బెంచీ మీద నేనూ ఆ తుని ఆవిడా పక్కపక్కన కూర్చున్నాం. ఆమె వీపుకు మందు రాశారు. నేను నోట్లో దూది పెట్టుకుని ఉన్నాను.

"మీ ఊరోళ్ళకి ఏటి రోగం అప్పా?" అంది. "మా తునిలో ఇలగుండదు."

నేను మాట్లాడలేక చేత్తో పో అన్నట్టు ఊపాను.

"మళ్ళీ సంతకి రమ్మన్నాడు ఆ పెద్దాయన. సెయ్యి కట్టు ఉన్నాయన. రానా?"

దూది తీసి రక్తం ఉమ్మేశాను. ఆ వేషం నాది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. అనలేదు.

"రాజు వంగితే రా."

"ఒళ్ళు మండిపోతా వంగాడప్పా. మనసులో ఎన్ని తిట్టుకున్నాడో."

"మనసుతో నీకేటి పని? నడుం వంగిందా నేదా?"

"వంగింది."

"అయితే రా. రాణి మూడో పద్యంలో నువ్వు ఊపిరి తప్పుసోట తీసుకుంటన్నావు. అక్కడ ఆపకు." అని దవడ పట్టుకుని, నొప్పికి కళ్ళు మూసుకుని, ఆ పద్యం ఆమెకు మెల్లగా వినిపించాను. కుట్లు వేసే మనిషి తలుపు తీసి, "ఇది ఆస్పత్రి, పాటలు బయట" అన్నాడు. ఇద్దరం లేవలేదు.